మూడో టాంకు కింది మట్టి

ఫిబ్రవరి 4

ఆయన పోయాక ఈ పుస్తకం ముట్టుకోలేదు. ఎనిమిది నెలలు. ఇవాళ ఎందుకో రాయాలనిపించింది. మా పెట్రోలు బంకు టాంకులు తీసేవాళ్ళు వచ్చి చూసి వెళ్ళారు, అంతే. పెద్ద సంగతేం కాదు.

బైపాస్ పడ్డాక ఈ రోడ్డున బండ్లు రావడం మానేశాయి. బంకు మూసి ఏడాది దాటింది. స్థలాన్ని చిన్నపిల్లల బడివాళ్ళు తీసుకుంటామంటున్నారు. అయితే భూమిలో ఉన్న మూడు టాంకులూ పైకి తీసి, కింద మట్టి శుభ్రంగా ఉందని కాగితం తెస్తేనే అట. "అదెంత పనమ్మా, వారం రోజుల్లో అయిపోతుంది" అని బావగారు ఫోన్లో అన్నారు. తమ్ముడు పోయాక ఈ వ్యవహారాలన్నీ ఆయనే చూస్తున్నారు.

వచ్చిన ఇంజనీరు ఆడమనిషి. ముప్పై అయిదేళ్ళుంటాయి. పసుప్పచ్చ టోపీ, మోకాళ్ళదాకా బూట్లు. కాస్త మట్టి తీసి, బట్టల కొట్లో గుడ్డ నాణ్యం చూసినట్టు వేళ్ళ మధ్య నలిపి చూసింది. మనసులో ఇంజనీరమ్మ అని పేరు పెట్టుకున్నాను.

"టాంకులు ఎప్పుడు వేశారమ్మా?"

"మా పెళ్ళయిన ఏడు. ముప్పై ఒక్కేళ్ళు."

"ఇనప టాంకులు అన్నేళ్ళు ఉన్నాయంటే గొప్పే. ఎప్పుడైనా కారుతున్నట్టు అనుమానం వచ్చిందా?"

"లేదు" అన్నాను.

రాసుకుంది.

ఫిబ్రవరి 5

గోడ అవతల నుంచి పక్కింటి వదిన పిలిచింది. "ఏంటి వదినా, పొద్దున్నుంచీ ఆ టోపీలవాళ్ళు తిరుగుతున్నారు? నిధి ఏమన్నా దొరికిందా?"

"దొరికితే నీకు సగం."

"సగమేంటి, గోడ ఇటువైపుంటే మొత్తం నాదే" అంది. నోట్లో దారం ముక్క పెట్టుకునే నవ్వుతుంది, ఆ అలవాటు పోదు.

దర్జీ అన్నయ్య పోయి మూడేళ్ళయింది. కొట్టు ఇప్పుడు వదినే నడుపుతోంది. పెరట్లో రేకుల షెడ్డు, రెండు మెషీన్లు. సొంత అన్న లేని నాకు ఈ ఊరొచ్చిన కొత్తలో "ఇదిగో చెల్లెమ్మా, ఏం కావాలన్నా గోడ మీంచి ఒక కేక వెయ్యి" అన్న మనిషి ఆయన. అప్పట్నుంచీ అన్నయ్యే.

టాంకులు తీస్తున్నారని చెప్పాను. "మంచిదే, బడి వస్తే యూనిఫారాలు నాకే" అంది.

ఫిబ్రవరి 10

అడుగున మిగిలిన చమురు, మడ్డి అంతా పంపుతో తోడేశారు. తరవాత ఒక్కో టాంకులోకీ డ్రై ఐస్ దిమ్మలు జారవిడిచారు. ఆ మంచు వాయువై లోపలి గాలిని బయటికి నెట్టెయ్యాలట, లేకపోతే చిన్న నిప్పురవ్వకే పేలిపోతుందట. మూతల్లోంచి తెల్లటి పొగ నేల మీద పాకుతుంటే చూస్తూ నిలబడ్డాను. ఆయన ఉంటే కుర్చీ వేసుకుని కూర్చుని ఒక్కొక్కరికీ సలహాలు చెప్పేవారు.

ఆయన ఎలాంటి మనిషో ఎక్కడా రాసిపెట్టలేదు నేను. అంబులెన్సు వస్తే డ్రైవరు మీటరు చూసేలోపే పోసి పంపేసేవారు. అన్నయ్యకు జబ్బు చేసినప్పుడు వారం వారం ఆస్పత్రికి తీసుకెళ్ళింది ఆయనే. లోపల అన్నయ్యకు రక్తం ఎక్కిస్తుంటే బయట బల్ల మీద అన్నయ్య చెప్పులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు, ఎవరన్నా ఎత్తుకెళ్తారని. చేతిపంపు కొట్టే ఓపిక లేదని వదిన వాళ్ళింటికి కుళాయి కూడా ఆయనే వేయించారు. రోడ్డు తవ్వించి మరీ.

అలాంటి మనిషి.

ఫిబ్రవరి 12

మొదటి టాంకు బయటికి వచ్చింది. క్రేను నడిపే ముసలాయన్ని అందరూ క్రేను తాత అంటున్నారు. టాంకు కదలక మొండికేస్తే కిందికి దిగివచ్చి దాన్ని అరచేత్తో తట్టి, "ముప్పై ఏళ్ళు పడుకున్నదాన్ని ఒక్కసారి లేపితే విసుక్కోదా మరి? నెమ్మదిగా లేపాలి" అన్నాడు. పనివాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. ఎన్నాళ్ళకో.

టాంకు కింద ఇసుక పసుప్పచ్చగా, పొడిగా ఉంది. ఇంజనీరమ్మ పెట్రోలు ఆవిరిని పసిగట్టే మీటరు పెట్టి చూసి బొటనవేలు పైకెత్తి చూపించింది.

ఫిబ్రవరి 13

రెండోది డీజిల్ టాంకు. అది కూడా శుభ్రమే. బావగారికి ఫోన్ చేసి చెప్పాను. "చెప్పానా!" అన్నారు.

ఫిబ్రవరి 14

మూడోది పైకి లేస్తుంటే క్రేను తాత నవ్వలేదు.

గోడ పక్కది. వదిన వాళ్ళ వైపుది. గాల్లోకి లేచేసరికి అడుగున తుప్పు పెచ్చులు ఊడిపడ్డాయి. చిటికెన వేలు పట్టేంత చిల్లు ఒకటి, దాని చుట్టూ సూది మొనల్లా ఇంకో అయిదారు. గుంటలో ఇసుక పసుప్పచ్చగా లేదు. బూడిద రంగు, కిందికి పోయేకొద్దీ నలుపు, అక్కడక్కడా ఆకుపచ్చ జిగురు. వాసనకి పనివాళ్ళు ముక్కులకు గుడ్డలు కట్టుకుని వెనక్కి జరిగారు. మీటరు కీచుమంటూనే ఉంది. ఇంజనీరమ్మ దాన్ని ఆపేసింది.

"ఎంత లోతుదాకా ఉందో చూడాలి" అంది. నావైపు చూడలేదు.

ఫిబ్రవరి 15

ఆయనకు తెలియదు.

ఫిబ్రవరి 17

మూడు మీటర్లు తవ్వారు, ఇంకా అదే మట్టి. తీసిన మట్టిని నల్లటి పట్టా మీద గుట్టగా పోసి, పైన ఇంకో పట్టా కప్పి, అంచులకు టైర్లు బరువు పెట్టారు. ఒకప్పుడు బండ్లు నిలబడ్డ చోట ఇప్పుడు కొండ.

ఇంజనీరమ్మ మా వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని కాగితం మీద గీసి చూపించింది. ఇదిగో గుంట, ఇదిగో గోడ. భూమిలో నీళ్ళు గోడవైపు వాలుగా పోతాయి. వదిన వాళ్ళ ఇల్లు, దాని తరవాత ఇంకా నాలుగు ఇళ్ళు. ఆ నాలుగిళ్ళకూ చేతిపంపులే, కుళాయి లేదు.

"ఎన్నాళ్ళ నుంచి కారుతోందో తెలియాలమ్మా. ఒక ఏడాదే అయితే గోడ దాటి పెద్దగా పోయుండదు, మేం గోడ దాకా తవ్వి ఆపేస్తాం. నాకిచ్చిన అనుమతి కూడా అంతే. అంతకంటే పాతదైతే అవతల కూడా బోర్లు వేసి చూడాలి, అందరి నీళ్ళూ పరీక్ష చెయ్యాలి. దానికి ఏదో ఒక ఆధారం ఉండాలి. మీ డిప్ రిజిస్టర్లు చూశాను. రోజూ కడ్డీతో కొలిచిన కొలతలు ఎక్కడా తగ్గినట్టు లేవు."

"అవును" అన్నాను.

"ఆ చేతిరాత ఎవరిది?"

"నాదే."

"ముత్యాల్లా ఉంది" అంది. హేళన కాదు, నిజంగానే అంది.

ఫిబ్రవరి 18

ఆయనకు తెలియదు. తెలిస్తే ఊరుకునే మనిషి కాదు.

ఫిబ్రవరి 19

బావగారు స్వయంగా వచ్చారు. గుంట అంచున నిలబడి చాలాసేపు చూశారు. లోపలికి వచ్చాక మంచినీళ్ళు కూడా ముట్టుకోలేదు.

"చూడమ్మా. పోయినేడాది నుంచి అని చెప్పు. మూసేటప్పుడు పైపులు విప్పాం కదా, అప్పుడేదో కదిలిందేమో అను. ఒక్క మాట. అక్కడితో అయిపోతుంది."

"నిజంగా పోయినేడాదేనంటారా?"

"నాకేం తెలుసు? నేనక్కడ ఉన్నానా?" అని, కిటికీలోంచి గుంట వైపు చూస్తూ, "ఉన్నది మీరిద్దరు" అన్నారు.

లేస్తూ అన్నారు: "వాడు పోయి ఏడాది కూడా కాలేదు. పోయినవాణ్ణి బజారుకి ఈడ్చకు. ఈ వీధిలో వాడి పేరు చెప్తే ఇప్పటికీ నలుగురు లేచి నిలబడతారు."

నిజమే. నిలబడతారు.

ఫిబ్రవరి 20

పొద్దున ఇంజనీరమ్మ వదిన పెరట్లోంచి నీళ్ళు సీసాలో పట్టుకుంది. పాత చేతిపంపు నుంచి. చాలాకాలంగా ఎవరూ కొట్టక అది పట్టేసింది, క్రేను తాత వచ్చి నాలుగు దెబ్బలు వేస్తే గాని కదల్లేదు.

తిరిగొచ్చి మామూలుగా అడిగింది. "అమ్మా, ఈ ఇంటికి కుళాయి ఎవరు వేయించారు?"

"మా ఆయన."

"ఎప్పుడు?"

"నాలుగేళ్ళయింది. దర్జీ అన్నయ్యకు ఒంట్లో బాగాలేదని."

"వీధి మొత్తానికి ఒకే పైపు మీద వేయించొచ్చు కదా. ఈ ఒక్క ఇంటికే ఎందుకు వేయించారో?"

నాకు తెలియదన్నాను. ఆవిడ వెళ్ళాక గ్లాసులు కడిగాను. కడిగినవే మళ్ళీ కడిగాను.

ఫిబ్రవరి 21

రాసేస్తాను. ఎవరు చదువుతారు కనక.

ఏడేళ్ళ కిందటి వానాకాలం. రోజూ పొద్దున ఆరింటికి ఆయన టాంకు మూత తీసి కడ్డీ దించేవారు. పైకి లాగి, తడి ఎక్కడిదాకా ఉందో చూసి అంకె చెప్పేవారు. నేను పక్కన నిలబడి రాసేదాన్ని. పెళ్ళయిన ఏటి నుంచీ అదే వరస. మా ఇద్దరికీ అదే పొద్దుటి కబురు. ఆయన అంకె చెప్పడం, నేను ఆ అంకెను తిరిగి అనడం.

ఆ రోజు మూడోదాంట్లోంచి కడ్డీ తీసి ఆయన అంకె చెప్పలేదు. గుడ్డతో తుడిచి మళ్ళీ దించారు. మళ్ళీ తీశారు. "నూట పద్దెనిమిది" అన్నారు.

అమ్మకం లెక్క ప్రకారం రావాల్సిన అంకె అది. తడి మాత్రం నూట పన్నెండు దగ్గరే ఆగింది. నాకు కనిపిస్తూనే ఉంది. పెట్రోలు తడి ఎంతసేపుంటుంది, రెండు ఊపిర్లలో ఆరిపోతుంది. ఆరిపోయేదాకా ఇద్దరం ఆ కడ్డీనే చూశాం. తరవాత నేను "నూట పద్దెనిమిది" అన్నాను. రాశాను.

మర్నాడు కూడా అంతే. తరవాత్తరవాత ఆయన కడ్డీని నావైపు తిప్పడం మానేశారు. నేను చూడటం మానేశాను.

ఒక్కసారి అడిగాను. "ఏమండీ, ఆ మూడోది..." అన్నాను. "వేసవిలో మార్పిద్దాంలే, ఇప్పుడు తవ్వితే మూడు నెలలు బంకు మూసుకోవాలి" అన్నారు. వేసవి వచ్చింది. ఆ తరవాతి వేసవి కూడా వచ్చింది. ఆయన దాని మాట ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అన్నయ్యకు జబ్బని తెలిసిన వారమే ఆయన మూడోదాన్ని వాడటం ఆపేశారు. "అమ్మకం తగ్గింది, రెండు చాలు" అన్నారు. ఆ నెలలోనే కుళాయి వేయించారు. నేను అప్పుడు వీధిలో గర్వంగా తిరిగాను.

ఆయనకు తెలుసు.

ఫిబ్రవరి 22

నిన్న అంతా రాసేశానని పడుకున్నాను. అంతా రాయలేదు. ఇంకొకటి ఉంది. అది రాయను.

ఫిబ్రవరి 23

ఆయన మీద కోపం తెచ్చుకుందామని పొద్దున్నుంచీ చూస్తున్నాను. ఏడవాలంటే ఏ మనిషి కోసం ఏడవాలో తెలియడం లేదు. చెప్పులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాయన కోసమా, నూట పద్దెనిమిది అన్నాయన కోసమా? ఇద్దరికీ ఒకటే దగ్గు, ఒకటే నడక. ఆ బల్ల మీద కూర్చుని ఆయన ఏం ఆలోచించి ఉంటారు? నాతో ఒక్కసారన్నా చెప్పాలనుకున్నారా? చెప్తే వినేదాన్నా?

విని ఉండేదాన్ని కాదు. "ఊరుకోండి, అలాంటివేం ఉండవు" అనేదాన్ని.

ఫిబ్రవరి 24

మందుల షాపుకని వీధి చివరిదాకా వెళ్ళాను. ఆఖరి ఇంట్లో కొత్తగా కాపురం పెట్టిన పిల్ల చేతిపంపు కొడుతోంది. ఏడో నెలో ఎనిమిదో నెలో. ఒక చెయ్యి నడుం మీద, ఒక చెయ్యి పంపు మీద. బిందె నిండాక దోసిలి పట్టి గటగటా తాగింది. నన్ను చూసి, మూతి తుడుచుకుంటూ, "ఎంత తాగినా దాహమేనండీ ఆంటీ" అని నవ్వింది.

మందుల షాపుకి వెళ్ళలేదు. తిన్నగా గుంట దగ్గరికి వెళ్ళి, నిచ్చెన మీదున్న ఇంజనీరమ్మను పిలిచాను.

"ఏడేళ్ళు" అన్నాను.

"ఏంటమ్మా?"

"ఏడేళ్ళ కిందటే కారడం మొదలైంది. రిజిస్టర్లో అంకెలు అబద్ధం. చేతిరాత నాదేగా, నేనే చెప్తున్నాను."

ఆవిడ పైకి వచ్చింది. చేతి తొడుగులు తీసింది. నా మీద అరుస్తుందనుకున్నాను. "ఇవాళే ఆ పంపులు ఆపించాలి. కూర్చోండమ్మా, ముందు సంతకం పెట్టండి" అంది. నేను సంతకం పెడుతుంటే కాగితం కదలకుండా పట్టుకుంది.

"అన్నయ్య ఈ నీళ్ళ వల్లే పోయాడా?" అని అడిగాను. "ఒంట్లో రక్తం తయారవడం ఆగిపోయిందని డాక్టర్లన్నారు."

తొడుగులు మడిచి జేబులో పెట్టుకుంది. "ఒక మనిషి గురించి అలా ఎవరూ చెప్పలేరు. అవునని చెప్పలేరు" అంది. తరవాత, "కాదని కూడా చెప్పలేరు."

"వదినకు ఎవరు చెప్తారు?"

"ఆఫీసు నుంచి నోటీసు వెళ్తుంది."

"వద్దు. నేను చెప్తాను. ఒక్క రోజు ఆపండి."

ఫిబ్రవరి 25

చెప్పాను.

షెడ్డులో యూనిఫారం చొక్కా కుడుతోంది. "కూర్చో వదినా, ఈ కాలరు అయిపోతే టీ పెడతాను" అంది. నేను కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాను. కడ్డీ సంగతి, అంకె సంగతి, వేసవిలో మార్పిద్దామన్న సంగతి, కుళాయి సంగతి. ఎక్కడా ఆగకుండా చెప్పాను. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు.

మెషీను ఎప్పుడు ఆగిందో నాకు తెలియదు.

"ఏడేళ్ళా?" అంది.

"ఏడేళ్ళు."

గుడ్డ మీద వేలితో ఏదో గీస్తూ ఉంది. "ఒకసారి నేను గ్లాసుతో నీళ్ళు పట్టుకొచ్చాను నీ దగ్గరికి. ఏదో వాసన వస్తోంది, కాస్త చూడు వదినా అని. అదీ ఆ వానాకాలమే."

రాయనన్నది ఇదే.

"ఆ రోజు వాసనేం లేదన్నావు. బంకులో ఉండి ఉండి నా ముక్కు చచ్చిపోయిందిలే అని నవ్వావు కూడా." తల ఎత్తింది. "నీకు వాసన వచ్చిందా ఆ రోజు?"

లేదనడానికి నోరు తెరిచాను. ఇంత చెప్పినదాన్ని, ఆ ఒక్కటీ దాచుకోవాలనిపించింది. నిజంగా.

"వచ్చింది వదినా" అన్నాను.

ఏడవలేదు. అరవలేదు. చాలా మెల్లగా, ఎవరి సంగతో చెప్తున్నట్టు చెప్పింది. "నువ్వు వాసన లేదన్నావని ఇంటికొచ్చి మీ అన్నయ్యతో చెప్పాను. 'అదిగో, మా చెల్లెలు పొద్దస్తమానం పెట్రోలు మధ్య ఉంటుంది, దానికి తెలియని వాసన నీకు తెలిసిందా?' అన్నాడు. నన్ను ఆట పట్టించాడు. నా చేతిలోంచి ఆ గ్లాసు లాక్కుని, నా ఎదురుగానే గటగటా తాగేశాడు. 'చూశావా, ఏం కాలేదు' అన్నాడు."

వదిన కాలరును మళ్ళీ సూది కిందికి సర్దింది.

"ఈ చొక్కా సాయంత్రానికి ఇవ్వాలి. వెళ్ళు" అంది.

మెషీను మళ్ళీ మొదలైంది. గుమ్మం దాటుతూ చూశాను. సూదిలో దారం లేదు. ఉత్త సూది గుడ్డను పొడుచుకుంటూ పోతోంది.

మార్చి 1

మా చెల్లెలు చెప్పిందిగా. మా చెల్లెలు చెప్పిందిగా.

మార్చి 6

గోడ పడగొట్టారు. వదిన షెడ్డు కింద నాలుగు చోట్ల గొట్టాలు దించి మట్టి తీశారు. నాలుగూ నలుపే. షెడ్డు విప్పాలన్నారు. రేకులు ఒక్కొక్కటీ దించుతుంటే వదిన అటు తిరిగి కత్తెరలూ, టేపులూ, అన్నయ్య బొత్తాల డబ్బాలూ సంచిలో వేసుకుంది. మెషీన్లు మా ముందు గదిలో పెట్టుకోమని క్రేను తాతతో చెప్పి పంపాను. తాత వెళ్ళి వచ్చాడు. "వద్దంటోందమ్మా" అన్నాడు. ఇంకేదో కూడా అని ఉంటుంది. తాత క్రేను వైపు వెళ్ళిపోయాడు.

మార్చి 7

నేను సంతకం పెట్టిన రోజే తాళ్ళు కట్టి ఆపిన వీధి చేతిపంపులకు ఇవాళ ఎర్ర రంగు పూసి, పిడులు ఊడదీసి తీసుకెళ్ళారు. పొద్దునా సాయంత్రం ట్యాంకరు వస్తోంది. బిందెల వరసలో అందరూ ఉన్నారు. నేను వెళ్ళి నిలబడితే మాటలు ఆగిపోయాయి.  ముందుకు జరగమని చోటిచ్చారు, ఇంట్లో ఎవరో పోయినవాళ్ళకు ఇచ్చినట్టు. తిట్టినా బాగుండేది.

మార్చి 12

నీళ్ళ ఫలితాలు వచ్చాయి. నాలుగిళ్ళలో రెండు బాగున్నాయి. రెండు బాగాలేవు. ఆఖరి ఇల్లు బాగాలేనిదే.

మధ్యాహ్నం ఆ పిల్ల మొగుడు మా గేటు దగ్గరికి వచ్చాడు. కొత్త కుర్రాడు, గట్టిగా మాట్లాడటం కూడా రాదు పాపం. "మీరు రోజూ చూస్తున్నారు కదండీ మమ్మల్ని? ఈ ఇల్లు చేరిన రోజు కాపురం చల్లగా ఉండాలని మీరే అన్నారు కదా?" అన్నాడు. అవునన్నాను. "డాక్టరమ్మ బిడ్డ బాగానే ఉందంది. కానీ పుట్టేదాకా మాకు నిద్ర పట్టదు. మీకు తెలుసా అది?" అన్నాడు. గేటు మీద చేత్తో ఒక్కటి కొట్టాడు. ఆ చప్పుడుకి తనే ఉలిక్కిపడి వెళ్ళిపోయాడు.

సాయంత్రం వెళ్ళేముందు ఇంజనీరమ్మ అంది. "మీరు చెప్పకపోతే గోడ దగ్గరే ఆగిపోయేవాళ్ళమమ్మా." ఓదార్పుకి అన్నది. కాని నాకు అందులో ఏడేళ్ళే వినిపించాయి.

మార్చి 15

బడివాళ్ళు వద్దన్నారు. ఊహించిందే.

మార్చి 18

బావగారి ఫోన్. తిడతారనుకున్నాను. ముందు నా ఒంట్లో ఎలా ఉందని అడిగారు. తరవాత, "వాణ్ణి నేనే ఎత్తుకుని తిప్పానమ్మా. అమ్మ పోయాక వాడికి అన్నం కలిపి పెట్టింది నేనే" అన్నారు.  "అంత చిన్న మనిషి ఎలా అయిపోయాడు వాడు?" అన్నారు.

 ఒక్క రోజులో అవ్వలేదు, ఒక్కో అంకె చొప్పున అయ్యామని చెప్పాలనుకున్నాను. ఈలోపే ఆయన ఫోన్ పెట్టేశారు.

మార్చి 22

మట్టి వెళ్ళిపోతోంది. లారీ వెనక లారీ. పైన పట్టా కట్టి, చక్రాలు కడిగి పంపుతున్నారు, రోడ్డు మీద ఒక్క బెడ్డ పడకూడదట. దూరంగా ఎక్కడో పరిచి, గాలి పట్టించి, కంటికి కనబడని పురుగులకు తినిపించి బాగుచేస్తారట. ఏళ్ళు పడతాయా అని అడిగాను. "మట్టికా? రెండేళ్ళలో బాగుపడుతుంది" అంది ఇంజనీరమ్మ. భూమిలోని నీళ్ళకే చాలా కాలం పడుతుందట. అందుకని మూడు బోర్లు వేసి వదిలేస్తారు, మూడు నెలలకోసారి వచ్చి చూస్తారు.

పొద్దున్నుంచి సాయంత్రందాకా వరండాలో నిలబడి లారీలు చూశాను. ఇటుపక్క నేను, గోడ లేని అటుపక్క వదిన. మధ్యలో గుంట. ఇద్దరం ఒకరికొకరం పూర్తిగా కనబడుతున్నాం. ముప్పై ఏళ్ళు ఆ గోడ మీంచి తలలు మాత్రమే చూసుకున్నాం.

మార్చి 29

గుంట పూడ్చారు. ఎక్కడో కొండ పక్క నుంచి తెచ్చిన ఎర్రమట్టి. క్రేను తాత పోతూ పోతూ వచ్చి చెప్పాడు. "వస్తానమ్మా. ఒంటరిగా ఉంటున్నావు, జాగ్రత్త." ఇన్నాళ్ళలో పని సంగతి కాకుండా నాతో మంచిగా మాట్లాడింది ఆయనే.

ఏప్రిల్ 3

వదిన అర్జీ పెట్టిందని విన్నాను. వీధిలో అందరికీ రక్తపరీక్షలు చేయించాలని ఒకటి. అన్నయ్య ఆస్పత్రి కాగితాల్లో ఆ నీళ్ళ సంగతి కూడా రాయాలని ఒకటి. బావగారి లాయరు ఫోన్ చేసి, "సంతకం కంగారులో పెట్టానని ఒక ముక్క రాసివ్వండి" అన్నాడు. రాయనన్నాను. ఎందుకని అడిగాడు. కంగారులో పెట్టలేదు కనక అన్నాను.

ఏప్రిల్ 9

ఇవాళ వదిన మా గుమ్మంలోకి వచ్చింది. నలభై మూడు రోజుల తరవాత. లోపలికి రాలేదు.

"రేపు ఆఫీసులో అర్జీ వింటారట. కాగితం మీద ఉంటే చాలదు, మనిషి వచ్చి చెప్పాలంటున్నారు" అంది.

"వస్తాను."

తల ఊపి వెళ్ళిపోయింది. చిక్కిపోయింది. తన బట్టలు తనే కుట్టుకునే మనిషి, భుజాలు వదులుగా జారుతున్నా బిగించుకోలేదు.

ఏప్రిల్ 10

బస్సులో వదిన ముందు సీట్లో, నేను వెనక. జనం లేరు, పక్కన చోటుంది. కూర్చోలేదు నేను.

ఆఫీసరు పెద్దాయన, కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని విన్నాడు. మొత్తం చెప్పించాడు. వదిన నా పక్క కుర్చీలోనే ఉంది. ఇంట్లో చెప్పినప్పుడు పరుగెత్తినట్టు చెప్పాను. ఇక్కడ ఆయన ఒక్కో మాటా రాసుకుంటున్నాడు కనక ఆగి ఆగి చెప్పాల్సి వచ్చింది. "తడి ఎక్కడిదాకా ఉంది?" అన్నాడు. నూట పన్నెండు. "మీ భర్త ఎంతన్నారు?" నూట పద్దెనిమిది. "మీరెంత రాశారు?" నూట పద్దెనిమిది.

"ఇంకేమైనా ఉందా?"

గ్లాసు సంగతి అర్జీలో లేదు. వదిన రాయలేదు. అది ఆయన అడిగేది కాదు, నేను చెప్పక్కర్లేదు. వదిన తన చేతుల్ని చూసుకుంటోంది.

"ఉందండీ" అన్నాను. అది కూడా చెప్పాను. వాసన వచ్చిందని, రాలేదన్నానని, నా మాట నమ్మి అన్నయ్య ఆ నీళ్ళు తాగాడని. ఆయన పెన్ను ఆగింది. "ఇది కూడా రాయమంటారా?" అన్నాడు. రాయమన్నాను. నా పక్కన వదిన ఊపిరి ఒక్కసారి గట్టిగా లోపలికి పీల్చుకోవడం వినిపించింది. తరవాత ఏడ్చింది. అన్నయ్య పోయిన రోజు కూడా అలా ఏడవలేదు. నేను చెయ్యి చాపలేదు. ఆ చెయ్యి నాది కాకూడదని తెలుసు. ఆఫీసరే లేచి కిటికీ తెరిచి, బయటికి చూస్తూ నిలబడ్డాడు.

బస్టాపులో ఎండ. ఇద్దరం ఒకే నీడలో నిలబడక తప్పలేదు. బస్సు రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. అది మలుపు తిరిగి కనబడ్డాక వదిన మాట్లాడింది, రోడ్డు వైపే చూస్తూ.

"జిల్లా ఆఫీసులో కూడా వింటారట. మంగళవారం. మీరు రాగలరా?"

మీరు.

నేను పెళ్ళయి వచ్చిన వారానికే "నువ్వు నాకంటే ఆరు నెలలేగా చిన్న, మన మధ్య అండీలూ గిండీలూ ఏంటి" అని నన్ను కసిరిన మనిషి. మా ఆయన ఎదుట, అన్నయ్య ఎదుట, కొట్టుకొచ్చిన పరాయివాళ్ళ ఎదుట కూడా ఎన్నడూ అనని మాట. కోపంతో అనలేదు. దర్జీ కొట్టుకి కొత్తగా వచ్చిన మనిషితో ఎంత మర్యాదగా మాట్లాడుతుందో అంత మర్యాదగా అంది.

"వస్తానండీ" అన్నాను.

బస్సు ఆగింది. ముందు ఆవిడ ఎక్కింది.

ఏప్రిల్ 13

మంగళవారం పదింటికి బస్సు. తొమ్మిదిన్నరకే స్టాపులో ఉంటాను.